కనబడకుండా ఉండే హక్కు: జంతుప్రదర్శనశాలపై ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

వేసవి సెలవుల్లో మా అక్క పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొని ఒక జంతుప్రదర్శనశాలకు వెళ్లాను. పులి ఆవరణ ముందు జనం గుమిగూడి ఉన్నారు. పులి మాత్రం దూరంగా వెదురు పొద నీడలో అటు తిరిగి పడుకొని ఉంది. తోక కొస తప్ప ఏమీ కనబడలేదు. "ఇంత దూరం నడిచి వస్తే పులి కనబడనే లేదు" అని ఐదేళ్ల మేనల్లుడు ఏడుపుముఖం పెట్టాడు. వాణ్ని ఊరడించాలని నేను రెండు మూడు సార్లు గట్టిగా చప్పట్లు చరిచాను. పక్కనున్నవారు ఈలలు వేశారు. పులి లేవలేదు. "నేను నిద్రపోతుంటే లేపొద్దని అమ్మకు చెబుతావు కదా మామయ్యా, మరి దాన్నెందుకు లేపుతున్నావు?" అని ఎనిమిదేళ్ల మేనకోడలు అడిగింది. కరుణరసం గురించి తరగతిగదిలో గంటల తరబడి మాట్లాడే నాకు ఆ ప్రశ్నకు సమాధానం దొరకలేదు.

జంతుప్రదర్శనశాలల గురించిన చర్చ సాధారణంగా ఆవరణ వైశాల్యం, ఆహారం, వైద్యం చుట్టూ తిరుగుతుంది. అవి అవసరమైన విషయాలే. వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. జంతువు మనకు కనబడి తీరాలని కోరే అధికారం మనకెక్కడిది? దీన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మృగం, ప్రదర్శన

'జంతుప్రదర్శనశాల' అనే సమాసంలో ప్రధానమైన పని జంతువుది కాదు, చూపేవారిదీ చూసేవారిదీ. 2022 సవరణకు ముందు వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ప్రజలకు ప్రదర్శించడం కోసం బంధిత జంతువులను ఉంచే చోటుగానే జూను నిర్వచించింది. ఈ మాట పక్కన 'మృగం' అనే పాతమాటను పెట్టి చూడాలి. సంస్కృత ధాతుపాఠం 'మృగ' ధాతువుకు అన్వేషణమనే అర్థం చెప్పింది. ఆ లెక్కన మృగమంటే వెదకబడేది. 'మృగయ' అంటే వేట కాబట్టి ఈ వెదుకులాటలో హింస కూడా ఉంది. దాన్ని ఆదర్శంగా నిలపడం లేదు. అయితే వెదకడమనే భావనలో, వెదికినది దొరకకపోవచ్చుననే ఒప్పుదల ఇమిడి ఉంది.

నల్లమలలో పులుల రక్షణకు పనిచేసే చెంచులకు పులి ఎదురుపడనక్కరలేదు. నేలమీది అడుగుజాడ, చెట్టు బెరడు మీది గోటిగాట్లు, దుప్పి హెచ్చరిక కూత వారికి పులి ఉనికిని చెబుతాయి. అక్కడ జ్ఞానానికి ఆధారం జాడ. ప్రదర్శనశాలలో జాడతో పనిలేదు. వెదకవలసినదాన్ని ముందే తెచ్చి ఎదుట నిలిపారు. అందుకే అది కనబడని క్షణంలో మనకు కలిగేది ఆశ్చర్యం కాదు, టికెట్టు డబ్బు వృథా అయిందన్న కోపం. మేనల్లుడి ఏడుపులో ఉన్నది పసితనం. నా చప్పట్లలో ఉన్నది మాత్రం కొనుగోలుదారు హక్కు.

కథలోని పులి

తెలుగు పిల్లలకు పులి మొదట పరిచయమయ్యేది కథలోనే. 15వ శతాబ్ది కవి అనంతామాత్యుడి భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం అందరికీ తెలిసినదే. దూడకు పాలిచ్చి వస్తానన్న ఆవు మాటను పులి మొదట శంకిస్తుంది, తర్వాత నమ్ముతుంది. ఆవు తిరిగి వచ్చినప్పుడు దాన్ని చంపడానికి నిరాకరిస్తుంది. సత్యవాక్పాలనకు ఆవును ఉదాహరణగా చెబుతాం కాని, ఆ కథ నైతికంగా నిలబడడానికి పులి నిర్ణయం కూడా అంతే అవసరం. తినగలిగీ తినకపోవడం స్వేచ్ఛ ఉన్న ప్రాణికే సాధ్యం.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావుంది. కథలోని పులి నిజమైన పులి కాదు, పులితోలు కప్పుకున్న మనిషి. దాని నోట ధర్మం పలికించడం కూడా దాన్ని మన అవసరానికి వాడుకోవడమే. ఈ ఆక్షేపణ సమంజసమే. నిజమైన పులి ఆవును వదలదు, వదలనందుకు దోషీ కాదు. అయినా కథ పులికి ఒక ఇష్టాన్ని ఒప్పుకుంది. ప్రదర్శనశాలలో జంతువుకు మిగిలే ఇష్టాలు బహుకొద్ది. ఎప్పుడు తినాలో, ఎవరితో జతకట్టాలో, ఎంతదూరం నడవాలో ఇతరులు నిర్ణయిస్తారు. వీపు తిప్పి పడుకోవడం ఆ మిగిలిన కొద్ది ఇష్టాలలో ఒకటి. మేము చప్పట్లతో లాక్కోబోయింది దాన్నే.

కంచె ఎవరికి కనబడదు?

1907లో కార్ల్ హాగెన్‌బెక్ జర్మనీలోని హాంబర్గ్ దగ్గర ఇనుపచువ్వలకు బదులు కందకాలతో ఆవరణలు నిర్మించాడు. ఆ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. 1963లో ప్రారంభమైన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోనూ కందకాల ఆవరణలున్నాయి. ఇరుకు బోనుతో పోలిస్తే ఇది నిస్సందేహంగా మెరుగు. కాని చువ్వలు మాయమైనది ప్రధానంగా చూసేవారి కంటికి. జంతువు దృష్టిలో హద్దు హద్దుగానే ఉంది.

ఈ హద్దు భారం అన్ని జంతువులకూ సమానం కాదు. రాస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అడవిలో విశాలమైన పరిధిలో సంచరించే మాంసాహార జంతువులే బంధనంలో ఎక్కువగా అటూ ఇటూ పచార్లు చేస్తాయి. వాటి పిల్లల మరణాలు కూడా ఎక్కువే. అదేబాటలో ఎడతెగక తిరిగే జంతువును చూపి "చూడు, ఎంత హుషారుగా ఉందో" అని పిల్లలకు చెబుతాం. అప్పుడు వారికి అందేది జంతుశాస్త్రం కాదు, అబద్ధం.

సంరక్షణ వాదం

జంతుప్రదర్శనశాలలు పూర్తిగా ఉండకూడదనడం సులభమే కాని, ఆ వాదం రెండు నిజాలను దాటవేస్తుంది. మొదటిది, అడవికి వెళ్లే స్తోమత లేని కుటుంబాల పిల్లలకు ఏనుగు ఎత్తు, ఎలుగుబంటి వాసన తెలిసేది అక్కడే. రెండవది, కొన్ని జాతులకు ఆ ఆవరణలే ఆసరా అయ్యాయి. హైదరాబాదు జూలో 2010లో మొదలైన మూషిక జింకల సంరక్షణ ప్రజననం వల్ల, అక్కడ పుట్టినవాటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో విడిచిపెట్టగలిగారు. ఈ మేలును తక్కువచేసి చూడలేం.

అయితే ఇలాంటి ప్రజననానికి సందర్శకుల కంటపడని, అలజడి లేని ఆవరణలు కావాలన్నది సంరక్షణ నిపుణులు గుర్తించిన విషయం. అంటే ఈ సంస్థ తన అత్యుత్తమమైన పనిని ప్రదర్శనను పక్కనబెట్టి చేస్తోంది. సంరక్షణ పేరుతో ప్రదర్శనను సమర్థించేవారు ఈ తేడాను గమనించాలి.

చట్టం ఈ దిశలో కొంతదూరం నడిచింది. 1991 సవరణతో చేరిన 38-జె విభాగం జూలోని జంతువులను ఆటపట్టించడాన్ని, వాటికి తిండి పెట్టడాన్ని, శబ్దంతోనో మరోవిధంగానో వాటికి అలజడి కలిగించడాన్ని నిషేధించింది. నేను చరిచిన చప్పట్లు ఆ నిషేధం కిందికే వస్తాయి. పిల్లల సంతోషమనే సాకు దాన్ని మార్చదు.

ముగింపు

ఒక జంతుప్రదర్శనశాల మంచిచెడులకు తొలి కొలమానం, అక్కడి జంతువు కోరుకున్నప్పుడు మన చూపు నుంచి తప్పుకోగలదా అన్నదే. పొద, బొరియ, చాటు గది ఇవ్వడం నిర్వాహకుల బాధ్యత. ఖాళీగా కనబడే ఆవరణను ఖాళీ అనుకోకుండా నిలబడడం సందర్శకుల బాధ్యత. ఈ రెండవదాన్ని పిల్లలకు నేర్పవలసింది పెద్దలం. "పులిని చూపిస్తాను" అని మాటిచ్చి బయలుదేరితే ఆ పాఠం ఇంటి గుమ్మంలోనే చెడిపోతుంది. "పులి ఉండే చోటికి వెళదాం" అనడం మేలు.

చలికాలంలో పిల్లలతో మళ్లీ అక్కడికి వెళ్లాను. ముళ్లపంది ఆవరణలో బొరియ తప్ప ఏమీ కనబడలేదు. "లోపల ఉందా?" అని మేనల్లుడు అడిగాడు. "ఉండవచ్చు" అన్నాను. వాడు గొంతు తగ్గించి అక్కను పిలిచి ఆ బొరియ చూపించాడు. ముగ్గురం కొంతసేపు నిలబడి, ముందుకు కదిలాం.