తినబడనిది అన్నము కాదు

తిరుమలలో శ్రీవారి లడ్డూప్రసాదమును ఇంటికి గొనిపోవు భక్తుల కొరకు, మొక్కజొన్న పిండితో చేయబడి మూడు నెలలలో శిథిలమగునని చెప్పబడిన సంచులను రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థవారు 2021వ సంవత్సరమున ప్రవేశపెట్టిరన్న వార్త చదివినప్పుడు, నా మనస్సున మొదట సంతోషమును, పిదప ఒక ధర్మసందేహమును కలిగినవి. ఆకలిగొన్నవాని నోటికి అందవలసిన గింజను సంచిగా మార్చి, క్షణకాలము వాడి పారవైచుట అన్నమునకు అవమానము కాదా?

తైత్తిరీయోపనిషత్తున వరుణపుత్రుడైన భృగువు తపస్సు చేసి, మొట్టమొదట అన్నమే బ్రహ్మమని యెరిగి, ఆ పిదప ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును దాటి ఆనందమును చేరినాడు. అన్నమును నిందింపరాదను వ్రతము విధింపబడినది ఆ తరువాతనే. అనగా అన్నమును దాటిపోయినవానికి సయితము దానియెడ గౌరవము తప్పదు. భూతములచే తినబడునదియు, భూతములను తినునదియు అన్నమని ఆ యుపనిషత్తే నిర్వచించినది. నా సందేహమునకు సమాధానము ఈ నిర్వచనమునందే కలదని తోచుచున్నది.

మా పల్లెలలో పెండ్లిపంక్తి లేచిన పిదప ఎంగిలి విస్తళ్ళు పెంటదిబ్బను చేరెడివి. అడ్డాకును, మోదుగాకును, వానిని కుట్టిన పుల్లయు చివికి ఎరువై పొలమెక్కెడివి. అన్నమును మోసిన విస్తరి తానును నేలకు అన్నమయ్యెడిది. ప్లాస్టిక్ సంచి యట్లు కాదు. గోవు కడుపున చేరినను జీర్ణము కాక దాని ప్రాణమునే హరించును. అది తినునే గాని తినబడదు.

అయితే పైరునుండి పుట్టినంతనే ప్రతి పదార్థమును విస్తరి వంటిది కాజాలదు. ఇట్టివానిలో ప్రసిద్ధమైన పాలీలాక్టిక్ ఆమ్లమును పిండిలోని చక్కెరను పులియబెట్టి చేయుదురు; అది సుమారు 60 డిగ్రీల వేడిగల కంపోస్టు కుప్పలలో కొన్ని నెలలలో నశించును గాని, చల్లని నేలలోను కాలువలోను ఏండ్ల తరబడి నిలిచియుండును. ‘నేలలో కలియును’ అని దానిపై వ్రాసి వీధిలో విడుచుట అసత్యమే యగును.

కావున గింజను వినియోగించుటకంటె, రసము తీసిన చెరకుపిప్పితో కంచములు చేయుట ధర్మమునకు దగ్గర. గింజతోనే చేయవలసివచ్చినచో, అది మరల మట్టికి అన్నమగువరకు మన బాధ్యత తీరదు. చదువరులారా, ప్రసాదము స్వీకరించిన పిదప ఆ సంచిని వీధిలో విసరక ఎరువుగుంటకు చేర్చుడు. పెరడు లేనివారు తమ పురపాలక సంఘమును అట్టి గుంటకై అడుగుడు.