తాబేలును ఫోటో తీయుట న్యాయమా?

జనవరి మొదలు మార్చి వరకు ఆంధ్రతీరమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి, ఒక్కొక్కటి ఇంచుమించు 100 గ్రుడ్లు ఇసుకలో పూడ్చి పోవును. ఈ దృశ్యమును ఫోటో తీయగోరువారిని మేము నిందింపము. కంటితో చూడని దానిని కాపాడువారు అరుదు గదా! అయితే ప్రియులారా, వెలుగు సంగతి యేమి? ఒడ్డెక్కుచున్న తల్లి దీపము చూచి గ్రుడ్లు పెట్టకయే మరలిపోవచ్చును. సుమారు 50 దినములకు పుట్టు పిల్లలు వెలుగు హెచ్చుగానున్న దిక్కే సముద్రమని నడచును. టార్చిలైటు వాటిని దారి తప్పించును.

పక్షిగూటిలో పిల్లలను తీసికొనినను తల్లిని విడువవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున నున్నది. ఆ గూడు కనుగొన్నవాడు ఆకలిగొన్నవాడై యుండవచ్చును. అతనికే హద్దున్నప్పుడు పటము కోరు మనకు లేదా? తెల్లవారిన తరువాత ఇసుకమీద తల్లి ప్రాకిన జాడ నిలిచియుండును. దానిని ఎండవెలుగున తీయవచ్చును.