ఆఖరి అంకం దాకా

శ్రీకృష్ణ తులాభారం నాటకాన్ని మా అమ్మమ్మ ఎన్నిసార్లు చూసిందో ఆమెకే లెక్క తెలియదు. కానీ ఒక్కసారి కూడా ఆఖరి అంకం చూడలేదు.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికి నా పిహెచ్.డి. పూర్తయింది. పద్యనాటకాల్లో స్త్రీ పాత్రల గురించి రాసిన అధ్యాయాన్ని రేపల్లె దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు ఉత్సాహంగా ఆమెకు చెప్పాను. సత్యభామను మూడొంతుల నాటకం దాకా నెత్తిన పెట్టుకుంటారనీ, ఆమె మాటకి కృష్ణుడంతటివాడు తలవంచుతుంటే అందరూ ఈలలు వేస్తారనీ, ఆఖరికి తక్కెట్లో ఆమె నగలన్నీ తేలిపోయి రుక్మిణి వేసిన తులసిదళం తూగుతుందనీ, ఒక ఆడదాని అహాన్ని ఇంకో ఆడదాని భక్తితో ఓడించడం పితృస్వామ్యానికి ఎంత తేలికో చూడమనీ చెప్పుకుపోయాను. అమ్మమ్మ గోంగూర ఆకు తుంచుతూ వింది.

"అదంతా నాకేం తెలుసే? ఆ యాళకి నేనెప్పుడున్నానక్కడ? మూడింటికల్లా లేచి రావాల్సిందేగా. గేదెలు అరవ్వూ? పాలు పిండొద్దూ?" అంది.

"మరి తాతయ్య?"

"మగాళ్ళు తెల్లారిందాకా కూచునేవాళ్ళు. ఇంటికొచ్చి కాఫీ తాగి పడుకునేవాళ్ళు."

"అయితే కథ ఎలా ముగుస్తుందో నీకు తెలియదా?"

"తెలీకపోవడమేంటి, పిచ్చిపిల్లా! తెలవటం వేరు, చూట్టం వేరు."

ఆ రోజు నుంచి ఈ ఆఖరి మాట నన్ను వదల్లేదు. కళల్ని ప్రేమించడం గురించి నేను చదివిన పుస్తకాలన్నిటిలో లేని ఒక ప్రశ్న అందులో ఉంది. రాత్రి పదింటికి మొదలై తెల్లవారేదాకా సాగే నాటకంలో ఆఖరి అంకం ఎవరికి దక్కుతుంది? దక్కనివాళ్ళ ప్రేమను ఏమని పిలవాలి?

మన అలంకారికులు సహృదయుడి గురించి చాలా చెప్పారు. కావ్యాలు పదేపదే పరిశీలించడం వల్ల అద్దంలా తేటపడిన మనసు కలవాడే సహృదయుడని అభినవగుప్తుడు వివరించాడు. ఎమ్.ఎ.లో ఆ నిర్వచనం నాకు ఎంతో అందంగా కనిపించింది. ఇప్పుడు 'పదేపదే' అన్న దగ్గరే ఆగిపోతాను. పదేపదే చదివే తీరిక ఎవరిది? ఆ అద్దం తుడుచుకుంటున్నంతసేపూ పొయ్యి దగ్గర ఎవరున్నారు? రసానుభవం కాలం మీద నిలబడుతుంది. ఆ కాలాన్ని ఇంటిలోని శ్రమ విభజన పంచిపెడుతుంది. ఈ రెండో వాక్యం ఏ అలంకారశాస్త్రంలోనూ లేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో కళాభిమానం గురించి గర్వంగా చెప్పుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. తెనాలిని ఆంధ్రా పారిస్ అంటారు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారికి తెనాలి రంగస్థలం ఎంతో పేరు తెచ్చింది. సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి, ఇలా ఆయన ప్రసిద్ధి అంతా ఆడవేషాలదే. 1956లో పద్మశ్రీ వచ్చింది. నడకలో, చూపులో, చీర కుచ్చెళ్ళు సర్దుకోవడంలో స్త్రీత్వం అంటే ఏమిటో ఒక పురుషుడు చేసి చూపిస్తుంటే, అసలు స్త్రీలు ఒక పక్కన తాడు కట్టిన స్థలంలో చాపల మీద కూర్చుని చూసేవాళ్ళు. అమ్మమ్మ ఆయన్ని ఒక్కసారి తెనాలిలో చూశానని చెప్పేది. "ఆడదానిలా ఉన్నాడనుకున్నావా?" అని అడిగాను. "ఆడదానిలా ఎక్కడే? ఆడాళ్ళు అట్టా ఉండగలిగితేగా!" అంది. నా అధ్యాయంలో ఇరవై పేజీలు రాసినా ఇంత స్పష్టంగా చెప్పలేకపోయాను.

స్త్రీలు నాటకమే ఆడలేదని కాదు. సురభి కుటుంబాల స్త్రీలు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే రంగస్థలం మీద ఉన్నారు. పాటా ఆటా శాస్త్రంగా తెలిసిన స్త్రీలు కళావంతుల ఇళ్ళల్లో తరతరాలుగా ఉన్నారు. కానీ పాడే స్త్రీకి మర్యాద లేదు, మర్యాద ఉన్న స్త్రీకి పాడే వీలు లేదు. దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం వచ్చింది. కానీ ఈ విభజన ఆ చట్టంతో పోలేదు. అమ్మమ్మ గొంతు బాగుండేది. పాలు పిండుతూ మోహనరాగంలో ఏదో తీసేదని మా అమ్మ చెబుతుంది. ఎవరైనా వాకిట్లోకి వస్తే ఆపేసేదట. "ఇంటాడవాళ్ళు గొంతెత్తకూడదు" అన్న మాటతో ఒక వర్గం స్త్రీలను నిశ్శబ్దంలోనూ ఇంకో వర్గాన్ని నిందలోనూ ఉంచారు.

కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి' నాటక ప్రదర్శనను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. అందులోని ఒక పాత్ర తమను కించపరుస్తోందని ఒక సామాజిక వర్గం అభ్యంతరం చెప్పడం దానికి కారణం. నిషేధాలు పరిష్కారమని నేను అనుకోను. కానీ ఆ చర్చ అంతటా నేను వినాలనుకుని వినలేకపోయిన ప్రశ్న ఒకటుంది. చింతామణి అన్న పాత్ర చుట్టూ దశాబ్దాలపాటు పేరుకున్న బూతు హాస్యం ఏ స్త్రీలను కించపరిచింది? తాడుకి ఇవతల చాపల మీద కూర్చున్నవాళ్ళు అప్పుడు ఏ వైపు చూశారు?

అయినా ఆ చాపల మీద కూర్చున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ఈ మూలమలుపు దగ్గరే మన విమర్శ తడబడుతుందని నాకనిపిస్తుంది. తమను లెక్కలోకి తీసుకోని కళను ప్రేమించిన స్త్రీని అమాయకురాలనో, భావజాలానికి లొంగిపోయిందనో అనేస్తాం. మా అమ్మ విషయంలో నేనూ అదే చేశాను.

మా అమ్మ కాపురానికి వచ్చింది బాపట్లకి. వారపత్రికల్లో వచ్చే సీరియల్ కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, అట్టముక్క వేసి దాచుకునేది. ఇరుగుపొరుగు ఇళ్ళమధ్య ఆ కుట్టిన పుస్తకాలు తిరుగుతూ ఉండేవి. ఏ ఇంట్లో ఏ పేజీకి పోపు మరక అంటుకుందో అమ్మకి గుర్తే. 1960లు, 70లలో రచయిత్రుల నవలలు వెల్లువలా వచ్చినప్పుడు, వాటిని మధ్యాహ్నాలు నిద్రమానుకుని చదివిన స్త్రీలని సాహిత్య విమర్శ చాలాకాలం వెక్కిరింతగానే చూసింది. నేనూ డిగ్రీలో ఉండగా ఆ అట్టల పుస్తకాలను చూసి నవ్వాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నేను ఇంట్లో ఉన్నప్పుడు చదవడం మానేసింది. ఒకరి చదువు ఇంకొకరి నోరు మూయించగలదని నాకు అప్పుడు తెలియలేదు. నేను చేసిన తప్పుల్లో దాన్ని చిన్నదిగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

మా ప్రాంతంలో గ్రంథాలయోద్యమం ఎంత బలంగా ఉండేదో అందరికీ తెలుసు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పుస్తకాలతో పడవ ఊరూరా రేవుల్లో ఆగే దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అదే రేవులో బిందెలు ముంచుకుంటున్న ఆడవాళ్ళు కూడా నాకు కనిపిస్తారు. పుస్తకం పదడుగుల దూరంలో ఉంది. చదువొచ్చినా, చేతులు ఖాళీగా ఉంటేగా! వర్జీనియా ఊల్ఫ్ 1929లో రాసే స్త్రీకి సొంత గదీ, ఏడాదికి ఐదువందల పౌన్ల ఆదాయమూ కావాలంది. ఆ మాట నుంచి మనం ఎంతో నేర్చుకున్నాం. అయితే రాసే స్త్రీని వెతికినంత శ్రద్ధగా చదివే స్త్రీని, వినే స్త్రీని, చూసే స్త్రీని వెతికామా? ఓల్గా గారు 1973 నుంచి 86 వరకు తెనాలి కళాశాలలో తెలుగు పాఠం చెప్పారని మన చరిత్రలో రాసుకుంటాం. ఆ బెంచీల మీద కూర్చుని విని, తర్వాత ఒక్క వాక్యమూ రాయకుండా ఆ పాఠాన్ని జీవితమంతా వెంట ఉంచుకున్న అమ్మాయిల సంగతి ఎక్కడ రాస్తాం?

వినడం, చదవడం రాయడం కంటే తక్కువ పనులు కావని చెప్పడానికి బెంగుళూరు నాగరత్నమ్మ ఒక్కరు చాలు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో ఆమె పరిష్కరించి ప్రచురించింది. మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని అశ్లీలమని నిషేధించింది. ఆమె ముందు పాఠకురాలు. అచ్చయిన ప్రతిలో ముద్దుపళని వంశపు స్త్రీల గురించిన పద్యాలు తీసేశారని పట్టుకున్నది ఆ పాఠకురాలి కన్నే. తిరువయ్యూరులో త్యాగరాజ సమాధికి ఆలయం కట్టించిందీ ఆవిడే. ప్రేమించిన కళలో తమవాళ్ళ పేర్లు ఎక్కడ కొట్టేశారో చూడగలగడం కూడా ప్రేమలో భాగమేనని నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను.

ఇంతవరకు వచ్చాక వ్యాసాన్ని ముగించెయ్యవచ్చు. కానీ నా సంగతి ఇంకా చెప్పలేదు.

నేను తెనాలిలో ఉంటాను. రెండేళ్ళ కిందట శ్రీరామనవమి పందిట్లో తులాభారం వేస్తున్నారని తెలిసి వెళ్ళాను. హార్మోనియం శ్రుతి అందుకోగానే వెన్నులో ఏదో కదులుతుంది. ఇన్నేళ్ళ సిద్ధాంతం ఆ కదలికను ఆపలేదు, ఆపాలని కూడా నాకు లేదు. సత్యభామ వేషం ఒక స్త్రీయే కట్టింది. స్థానం వారు తన కోసం తాను రాసుకున్న పాట పాడింది. ఆ పాట 1966 సినిమాలో సుశీల గొంతులో, దుగ్గిరాలలో పెరిగిన జమున అభినయంలో ఏనాడో స్త్రీల చేతికి వచ్చేసింది. జనం వన్స్ మోర్ అన్నారు. నేనూ అరిచాను. ఆఖరి అంకం దాకా కూర్చున్నాను. అమ్మమ్మ చూడని తక్కెడ చూశాను.

ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. మా వారు ఊళ్ళో లేరు. మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ రాత్రి మా పాప దగ్గర పడుకుంది. తలుపు తీసి, "అయిపోయిందామ్మా? ఆఖరిదాకా చూశారా?" అని అడిగి, జుట్టు ముడేసుకుంటూ బయల్దేరింది. ఐదింటికి వాళ్ళ వీధిలో నీళ్ళొస్తాయి.

గేటు దగ్గర నిలబడి ఆమె వెళ్తుంటే చూశాను. 'మగాళ్ళు తెల్లారిందాకా కూచునేవాళ్ళు' అన్న మాట చెవిలో మోగింది. ఆ రాత్రి నేను కూర్చున్నది మా తాతయ్య కుర్చీలో.

అపరాధభావం వల్ల ఉపయోగం లేదని నాకు తెలుసు. నేను మూడింటికే లేచి వచ్చేసినా, నేను వదిలేసిన అంకం ఆమె చూసినట్టు కాదు. ఆనందం తప్పు కాదు, అది కొందరి దగ్గరే పోగుపడడం తప్పు. కాబట్టి మంచి ఉపాయం ఆలోచించాననుకుని, వచ్చేసారి పాపని మా వారి దగ్గర వదిలి ఇద్దరం కలిసి నాటకానికి వెళ్దామని ఆమెను పిలిచాను. ఆమె నవ్వింది. "నాటకం నాకొద్దమ్మా. ఆ రోజు సెలవియ్యండి, హాయిగా పడుకుంటాను" అంది.

మొదట కాస్త నొచ్చుకున్నాను. తర్వాత అర్థమైంది. నేను ఆమెకివ్వబోయింది నా ఇష్టాన్ని. ఆమె అడిగింది తన కాలాన్ని. ఆ కాలంలో పద్యం వింటుందో, నిద్రపోతుందో నిర్ణయించడం నా పని కాదు. కళ మనిషిని ఉన్నతం చేస్తుందని నమ్మే మనం, ఎవరికీ ఉపయోగపడని ఒక ఖాళీ రాత్రి మీద ప్రతి స్త్రీకీ హక్కుందని ముందు నమ్మాలి. రసికత ఆ తర్వాతి మాట. ఇప్పుడు నెలకి రెండు రోజులు ఆమెకి జీతంతో సెలవు. ఆ రోజుల్లో అంట్లు మేమిద్దరం వంతులు వేసుకుంటాం. ఇది విప్లవం కాదు. కానీ దీన్ని చెప్పకుండా నా కళాభిమానం గురించి ఇక మాట్లాడలేను.

అమ్మమ్మ గురించి ఒక మాట మిగిలింది. ఆమె ఆఖరి అంకం చూడకపోవడాన్ని నేను ఒక సెమినార్ పత్రంలో 'ప్రతిఘటన'గా రాయబోయాను. నాటకకర్త ఓడించిన సత్యభామను ఆమె తన జ్ఞాపకంలో ఓడనివ్వలేదని రాస్తే చప్పట్లు పడతాయి. సగం రాసి కొట్టేశాను. ఆమె లేచి వచ్చింది ప్రతిఘటించడానికి కాదు, గేదెలు అరుస్తాయని. పోయిన రాత్రులకు నా సిద్ధాంతంతో మెరుగుపెట్టడం ఆమెకి ఇంకో అన్యాయం. అలాగని ఆమెకి దక్కింది ఏమీ లేదనడానికీ నాకు నోరు రాదు. తల వంచని సత్యభామ అరవై ఏళ్ళు ఆమె దగ్గర ఉన్నమాట నిజం.

ఆమె పోయే ముందు సంవత్సరం ఫోన్లో మొత్తం నాటకం దొరికితే పక్కన కూర్చుని చూపించాను. పద్యం పద్యానికీ పెదవులు కదిపింది. తక్కెడ తెచ్చి నిలబెట్టే ఘట్టం రాగానే, "ఇక ఆపెయ్యమ్మాయ్, నిద్దరొస్తంది" అంది.

ఆ వేళకి లేవడం ఆమె ఒంటికి అలవాటైపోయిందో, నిజంగానే నిద్ర వచ్చిందో, చూడడం ఇష్టం లేదో నేను అడగలేదు. ఫోన్ ఆపేసి, దుప్పటి కప్పి, లైటు తీశాను.