స్టేషను పక్క స్థలం

ఒక వస్తువు విలువ పెరిగితే ఆ పెరుగుదల ఎవరికి చెందాలి? దాన్ని తయారుచేసినవాడికని చెప్పడం తేలిక. మరి నేలను తయారుచేసినవాడెవడు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఇస్నాపూరు దగ్గర నాకు 150 గజాల స్థలం ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన మెట్రో రెండవ దశలో మియాపూరు నుంచి పటాన్‌చెరుకు 13.4 కిలోమీటర్ల మార్గం ఉన్నదని చదివి సంతోషించాను. పాశమైలారం కార్మికులకు ప్రయాణం సుఖమవుతుందని కాదు, గజం ధర పెరుగుతుందని. ఆ సంతోషాన్ని కాస్త పరీక్షించి చూడాలని తరువాత తోచింది.

జపానులోని ఒసాకా నగరానికి సెకి హాజిమె 1923 నుంచి 1935లో చనిపోయేదాకా మేయరు. అంతకుముందు అధ్యాపకుడు. (మన వృత్తివాడే గనక నాకు కొంచెం పక్షపాతం.) ఇరుకు పేటల్లో మగ్గే కార్మికులు గాలీ వెలుతురూ ఉన్న శివార్లలో కాపురముండి, రైల్లో పనికి రావాలన్నది అతని ఆలోచన. 1933 మే 20న ఉమెదా, షిన్సాయిబాషి స్టేషన్ల మధ్య నగరపాలక సంస్థ భూగర్భ రైలు నడిచింది. మొదట్లో బండికి ఒకటే పెట్టె. ప్లాట్‌ఫారాలు మాత్రం అంతకు ఎన్నో రెట్లు పొడుగు. రాబోయే జనం కోసం కట్టినవవి. ఇప్పుడక్కడ పది పెట్టెల బండ్లు ఆగుతున్నాయి.

అంతకంటే ముఖ్యమైనది ఖర్చు సంగతి. రైలు వల్ల లాభపడే చుట్టుపట్ల స్థలాల యజమానుల మీద నగరం ప్రత్యేక రుసుము విధించింది. వాళ్లు వ్యతిరేకించారు. సెకి సోషలిస్టు కాడు, సంస్కర్త మాత్రమే. అయినా సమాజం కల్పించిన విలువలో సమాజానికి వాటా ఉన్నదని ఒప్పుకున్నాడు.

2017 నవంబరులో ప్రారంభమైన మన మెట్రోకు స్టేషన్లు నేల కింద లేవు, స్తంభాల మీద ఉన్నాయి. అది పెద్ద తేడా కాదు. ఇక్కడ ప్రభుత్వ భూమిని నిర్మాణ సంస్థకే వ్యాపారానికి అప్పగించారు. అసలు తేడా అదీ.

"నీ జీతంతో కొన్నావు, దొంగిలించలేదు గదా" అంటాడొక మిత్రుడు. నిజమే, కొన్న ధర నాది. పెరిగిన ధర కోసం నేను చేసిన పనేమిటి? ఇక్కడి నేలకు గిరాకీ తెచ్చింది మూడు షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు. వాళ్లలో బీహారు, ఒడిశాల నుంచి వచ్చి గదికి నలుగురైదుగురు చొప్పున ఉంటున్నవాళ్లెందరో. స్థలాల ధరలు పెరిగితే గది అద్దె పెరుగుతుంది. రైలు దగ్గరికి వచ్చేసరికి వాళ్లు దానికి దూరం జరగవలసి వస్తుంది.

నేను నా స్థలం దానం చేసినంతమాత్రాన ఇది తీరదు. వ్యక్తి సద్గుణం పన్నుకు బదులు కాజాలదు. అయితే అలాంటి రుసుము వెయ్యాలని మన సంఘం రేపు తీర్మానం పెడితే నేను చెయ్యెత్తుతానా? ఈ పత్రిక చదివే అధ్యాపకుల్లో స్థలాలున్నవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లనూ అడుగుతున్నాను.

పోయిన నెల బ్రోకరు వచ్చి కొత్త ధర చెప్పాడు. ఇంకా కొన్నాళ్లు ఆగుదామన్నాను.