దేవుణ్ని నిలదీసే చనువు

మూలిగే నక్క మీద తాటిపండు. గోరుచుట్టు మీద రోకటిపోటు. కరువులో అధికమాసం. దరిద్రుడి పెళ్ళికి వడగళ్ళ వాన. కష్టం ఒంటరిగా రాదనీ, తోబుట్టువులను వెంటబెట్టుకుని వస్తుందనీ చెప్పడానికి తెలుగువాళ్ళు కట్టుకున్న సామెతలివి. వీటిలో ఒక్కటి కూడా ఏడుపుగొట్టుది లేదు. విస్తళ్ళు నెత్తిన పెట్టుకుని పందిట్లోంచి పరిగెత్తే పెళ్ళివారు కళ్ళ ముందు మెదిలేసరికి, చెప్పేవాడి పెదవీ వినేవాడి పెదవీ ఒక్కసారే కదులుతాయి. రోకటిపోటు తిన్న వేలి నుంచే ఇలాంటి మాట పుడుతుంది. వరసగా దెబ్బలు తగిలేటప్పుడు మొదటిది చేతిలో డబ్బు పట్టుకుపోతుంది, రెండోది ఒంట్లో సత్తువ లాగేస్తుంది. మూడోది నమ్మకాన్ని తాకుతుంది. పైవాడికి నా మీదే ఎందుకింత పగ అనే ప్రశ్న అప్పుడు మొదలవుతుంది. ఆ ప్రశ్నకు లోకం రెండు జవాబులు సిద్ధంగా ఉంచుకుంటుంది. అంతా మన మంచికే, నోరు మూసుకుని దండం పెట్టు అన్నది ఒకటి. దేవుడూ లేడు, దయ్యమూ లేదు, దీపం ఆర్పెయ్ అన్నది రెండోది. మొదటిది మనిషి చేత అబద్ధమాడిస్తుంది, రెండోది అతన్ని ఒంటరివాణ్ని చేస్తుంది. ఈ రెండూ కాని దారి ఒకటి గోదావరి అవతల, బస్తర్ అడవుల్లో తరతరాలుగా నడుస్తోంది.

ఛత్తీస్‌గఢ్‌లోని కొండాగావ్ జిల్లా కేశ్‌కాల్‌లో భంగారాం దేవి గుడి ఉంది. పేరు వింటే తెలుగు చెవికి బంగారమే గుర్తొస్తుంది. ఈ తల్లి ఓరుగల్లు నుంచి వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయ వంశానికి చెందిన అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం నిలబెట్టుకున్నాడన్న చరిత్ర ఎటూ ఉంది కాబట్టి ఆ మాట వింతగా అనిపించదు. ఏటా భాద్రపదంలో ఈ గుడి దగ్గర జాతర జరుగుతుంది. 200కు పైగా ఊళ్ళకు ఈమె పెద్ద దేవత. ఊరూరి దేవతలను పల్లకీల్లో, డోలీల్లో, కర్రలతో కట్టిన అంగదేవుళ్ళ రూపంలో భుజాల మీద మోసుకుని వస్తారు. వచ్చిన దేవతల్లో కొందరు ముద్దాయిలు. పంట పోయింది, రోగం తగ్గలేదు, ఎంత మొక్కినా పలకలేదు అని ఊరివాళ్ళే ఫిర్యాదు చేస్తారు. న్యాయపీఠం మీద భంగారాం దేవి కూర్చుంటుంది. ఊరి పెద్దలు వాదిస్తారు. కోళ్ళు సాక్షులు. తప్పు రుజువైతే ఆ దేవతకు శిక్ష తప్పదు. గుడిలో చోటు పోతుంది, చెట్టు కిందో గుడి వెనకో వదిలేస్తారు. శిక్ష కొన్నాళ్ళు కావచ్చు, ఎప్పటికీ కావచ్చు. ఏ దేవత మీద ఏ నేరం మోపారో, ఏ తీర్పు వచ్చిందో రిజిస్టరులో రాసి ఉంచుతారు. తర్వాత ఆ దేవత దారికొచ్చి ప్రజల మొర ఆలకించిందని నమ్మకం కుదిరితే మళ్ళీ తీసుకెళ్ళి గుడిలో కూర్చోబెడతారు. సాక్ష్యం చెప్పిన కోళ్ళను వదిలేస్తారు.

దూరం నుంచి చూసేవారికి ఇది తమాషాగా కనిపించవచ్చు. అక్కడివారికి ఇందులో తమాషా లేదు, పంట పోయిన బాధ ఉంది. కానీ ఈ తతంగం లోపల హాస్యానికి ప్రాణమైన గుణం ఒకటి ఉంది. పెద్దది చిన్నదై, చిన్నది పెద్దదై ఒక్క పూట తలకిందులవడమే ఆ గుణం. ఏడాది పొడుగునా మనిషి చేతులు కట్టుకుని నిలబడతాడు, దేవుడు పీట మీద కూర్చుంటాడు. ఆ రోజు దేవుడు బోనులో ఉంటాడు, కోడి సాక్ష్యం చెబుతుంది. రూపురేఖలు లేకుండా నెత్తిన కూర్చున్న దురదృష్టానికి ఓ పేరు పెట్టి, తేదీ వేసి, ఎదురుగా నిలబెట్టి, ఇదిగో నువ్వు చేసిన నష్టం అని లెక్క చెప్పడంతో దాని సైజు తగ్గుతుంది. గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. ముద్దాయి దేవతను ఎవరూ విచారణ లేకుండా అడవిలో పారేసి రారు. ఏళ్ళ తరబడి మొక్కి, కోపం వచ్చిన రోజున భుజాన వేసుకుని, కొండలెక్కి దిగి, వాయిద్యాలతో కోర్టుకు తీసుకొస్తారు. పరాయివాడి కోసం ఎవరూ అంత కష్టపడరు. అలక అయినవాళ్ళ మీదే వస్తుంది. నన్నడిగితే కృతజ్ఞతకు అసలు రూపం అక్కడుంది. అందినదంతా మంచిదేనని ఒప్పుకునే పని దానికి లేదు. ఇచ్చేవాడితో చుట్టరికం తెంచుకోకుండా ఉంటే చాలు. ఆ చుట్టరికం నిలబడితే ఫిర్యాదు కూడా ప్రార్థనలో ఓ భాగమే అవుతుంది.

ఇదేదో అడవిలో ఉన్నవారి అమాయకత్వమని కొట్టిపారేస్తే మన భక్తి సాహిత్యంలో సగం కొట్టిపారేయాల్సి వస్తుంది. బస్తర్ సరిహద్దుకు దగ్గర్లోనే భద్రాచలం ఉంది. రాముడికి గుడి కట్టించిన కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మగ్గాడని ప్రతీతి. చేయించిన నగలకు ఒక్కోదానికి ఎంతయిందో లెక్కగట్టి రాముణ్ని కీర్తనల్లోనే నిలదీశాడు. దెబ్బలు ఓర్చుకోలేక తిట్టానయ్యా, కష్టపెట్టుకోకు అని ఆ వెంటనే బతిమాలుకున్నాడు. కాసుల పురుషోత్తమ కవి కృష్ణా తీరాన శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువు మీద చెప్పిన శతకం పైకి చూస్తే ఆసాంతం ఎత్తిపొడుపు, లోపలంతా స్తుతి. మన పండితులు దానికి నిందాస్తుతి అని పేరు పెట్టి సాహిత్యంలో చోటిచ్చారు. కేశ్‌కాల్ జనం దాన్ని ఊరి కోర్టుగా నిలబెట్టుకున్నారు. ఈ రెండింటికీ తేడా చదువులో ఉందేమో గానీ భక్తిలో లేదు. పెళ్ళిళ్ళలో సీతారాముల కల్యాణం పాడుకునే మనం, రాముణ్ని లెక్క అడిగిన ఆ గొంతును కూడా అంతే ఇష్టంగా దాచుకున్నాం.

ఫిర్యాదు చెప్పుకునే చనువు ఉన్నచోటే ధన్యవాదం కూడా నిజాయితీగా ఉంటుందనడానికి బస్తర్‌లోనే మరో ఆనవాలు ఉంది. భంగారాం దేవి పరివారంలో ఖాన్ దేవుడని ఒకాయన ఉన్నాడు. నాగపూర్ నుంచి వచ్చిన వైద్యుడనీ, అంటురోగం ఊళ్ళను ఊడ్చేస్తున్న రోజుల్లో జనానికి మందులిచ్చి కాపాడాడనీ, చనిపోయాక జనం ఆయన్ని దేవత పక్కన నిలిపారనీ చెబుతారు. ఆ రోగంలో ఎన్ని పాడెలు లేచి ఉంటాయి! అన్ని చావుల మధ్య కూడా మందు పట్టిన చెయ్యి ఎవరిదో వాళ్ళు మరిచిపోలేదు. అతని మతం ఏమిటని అడగలేదు. పలకని దేవతకు శిక్ష వేసే కోర్టే ఆదుకున్న మనిషికి పీట వేసింది. నష్టాన్నీ మేలునూ అక్కడ ఒకే రిజిస్టరులో, విడివిడిగా రాసుకున్నట్టే. మేలు జరిగింది కదా అని నష్టాన్ని కొట్టెయ్యలేదు, నష్టం జరిగిందని మేలునూ కొట్టెయ్యలేదు. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి లెక్కనే పరీక్షకు పెట్టారు. తమకు అందిన మేళ్ళను పద్దులా రాసుకున్నవారి మనసు మిగతావారికన్నా తేటగా ఉన్నట్టు తేలింది. వాళ్ళు ఎంచుకున్నవారిలో నరాల, కండరాల జబ్బుతో బాధపడేవారు కూడా ఉన్నారు. పద్దు రాసినంత మాత్రాన వారి జబ్బు పోలేదు. జబ్బుతో పాటు ఇంకేమేం ఉన్నాయో కనిపించాయి. కోయ, గోండు ఊళ్ళలో కొత్తల పండుగ నేర్పేదీ ఇదే. పండింది పది బస్తాలైనా, రెండు చాటలైనా కొత్త ధాన్యం దేవుడికీ పెద్దలకూ పెట్టనిదే నోట పెట్టుకోరు. పంట బాగుంటేనే పండుగ అనే షరతు ఎక్కడా లేదు.

ఇక నవ్వు సంగతి. కష్టాన్ని ఆటగా మార్చుకునే చోటే అది పుడుతుంది. బస్తర్ దసరా 75 రోజులు సాగుతుంది. అందులో రావణ దహనం ఉండదు, దంతేశ్వరి తల్లి రథం ఉంటుంది. జగ్దల్‌పూర్‌లో విజయదశమి నాటి ఊరేగింపు అయ్యాక ఆ రాత్రి రథాన్ని ఆదివాసులు ఎత్తుకుపోతారు. ఊరి పక్క కుమ్హడాకోట్ అడవికి లాక్కెళ్ళి దాచేస్తారు. మర్నాడు రాజవంశీకుడు అక్కడికి వెళ్ళి, వాళ్ళతో కలిసి కూర్చుని కొత్త బియ్యం వండిన అన్నం తిని, ఒప్పించి రథం వెనక్కి తెచ్చుకుంటాడు. పండుగ పతాకస్థాయిలో ఉండగా పండుగకు ప్రాణమైన రథమే మాయమవడం కన్నా దురదృష్టం ఏముంటుంది? ఆ దురదృష్టాన్ని ఏటేటా తామే ఆడి, పోయింది ఎలా దొరుకుతుందో పిల్లలకు చూపిస్తున్నారు. దొరికే చోటు కూడా బలగం చేతుల్లో ఉండదు, పంక్తి భోజనం దగ్గర ఉంటుంది. నవ్వు తేలిక బతుకుల్లో మాత్రమే సాధ్యమనేవారు మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్‌ను తలుచుకోవాలి. నాజీల నిర్బంధ శిబిరంలో ఆయనా తోటి ఖైదీ అయిన ఒక వైద్యుడూ రోజుకో సరదా కథ కల్పించి చెప్పుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. విడుదలయ్యాక ఏం జరగవచ్చో అన్నదే ఆ కథల్లో సరుకు. ఆకలికి ఎముకలు తేలిన మనుషులు రేపటి గురించి నవ్వుకున్నారంటే, రేపు ఒకటుందని ఆ నవ్వుతోనే ఒకరికొకరు హామీ ఇచ్చుకున్నారన్నమాట.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయడం పాపం. ఉన్నదాంతో తృప్తిపడు, నవ్వుతూ భరించు అని బలవంతుడు బలహీనుడికి చెప్పిన సందర్భాలు చరిత్రలో కొల్లలు. బస్తర్‌లో అయితే మరీనూ. 2005 తర్వాత మావోయిస్టులకూ ప్రభుత్వ పక్షానికీ మధ్య చెలరేగిన హింసకు ఊళ్ళు వదిలి గోదావరి ఇవతలికి వచ్చిన గుత్తికోయ ఆదివాసుల గుడిసెల ముందు నిలబడి, కృతజ్ఞతతో ఉండండి అని ఎవరైనా అంటే ఆ మాట ఆధ్యాత్మికత కాదు, క్రూరత్వం. దురదృష్టం వేరు, అన్యాయం వేరు. వడగళ్ళు పడి ఇప్పపువ్వు నేల పాలైతే దురదృష్టం. ఇప్పచెట్టు దగ్గరికే పోనివ్వకపోతే అన్యాయం. ఈ తేడా బస్తర్ జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు. బ్రిటిష్ హయాంలో అడవిని తమకు కాకుండా చేసి, వెట్టి చేయించినప్పుడు, 1910లో మామిడి కొమ్మలూ మిరపకాయలూ ఊరూరా కబురుగా పంపుకుని గుండాధుర్ వెంట భూమ్‌కాల్ తిరుగుబాటు లేపింది ఈ జనమే. దేవుణ్నే నిలదీసే అలవాటున్నవాడు దొరను నిలదీయకుండా ఉండలేడు. కనుక ఈ కృతజ్ఞత మనిషిని లొంగదీస్తుందన్న భయం నిలబడదు. మరో లోపాన్ని కూడా ఒప్పుకోవాలి. భంగారాం జాతరలోకి ఆడవాళ్ళను రానివ్వరు. నాట్లేసేదీ, రోగిష్టి బిడ్డ పక్కన రాత్రంతా మేలుకునేదీ వాళ్ళే కాబట్టి దేవుడి మీద ముందు ఫిర్యాదు చేయాల్సినవాళ్ళూ వాళ్ళే. ఆ తలుపు కూడా తెరుచుకోవాలి.

తిట్టు ముదిరితే భక్తి పోదా అని సంప్రదాయవాదులు అడుగుతారు. పోవచ్చు. అందుకే కేశ్‌కాల్‌లో ఫిర్యాదుకు ఏడాదికో రోజు, ఒక చోటు, వినే పెద్ద దిక్కు, శిక్షకో హద్దు ఉన్నాయి. రోజంతా, అందరి ముందూ, దేనికి పడితే దానికి సణిగేవాడి ఫిర్యాదు ఎక్కడికీ చేరదు, దానికి తీర్పూ రాదు. కడుపులో దాచుకున్న ఫిర్యాదు ఇంకా ప్రమాదం, అది కుళ్ళి పగ అవుతుంది. ఇంట్లో జబ్బు, పొలంలో నష్టం, ఉద్యోగంలో దెబ్బ ఒకదాని వెంట ఒకటి వచ్చి మీ గడపలో కూర్చుని ఉంటే, ఈ శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ దేవుడి గూటి ముందు చేరండి. ఏ నెలలో ఏం పోయిందో ఒక్కటీ వదలకుండా ఆయనకు చెప్పండి, గొంతు పెరిగినా ఫరవాలేదు. పసివాళ్ళకూ మాట్లాడే వంతు ఇవ్వండి, వాళ్ళ ఫిర్యాదుకు నవ్వొస్తే నవ్వండి. ఆ కష్టంలో అన్నం క్యారేజీ పంపిన పక్కింటావిడ పేరూ, అప్పు అడక్కుండా ఆగిన కొట్టతని పేరూ అదే వరసలో చెప్పండి. తర్వాత దీపం వెలిగించి అందరూ కలిసి భోంచేయండి.