బధిరుని అంతర్వాణి

జ్ఞానమంతయు శబ్దముతో పెనవేసికొని యుండునని భర్తృహరి వాక్యపదీయమున ప్రతిపాదించెను. అట్లయిన పుట్టుకతో చెవిటియైనవాని గతి యేమి? పలుకు సోకని యా మనస్సున తలంపే లేదనవలెనా? మనుస్మృతి జన్మబధిరునకు దాయభాగమును నిరాకరించి, పోషణమును మాత్రమే విధించినది.

కాలిఫోర్నియా వాడైన డెస్ట్రెల్లా యను బధిరుడు, ఏ భాషయు నెఱుగని తన బాల్యమును పెద్దయైన పిదప వ్రాయగా, విలియం జేమ్స్ అను తత్త్వవేత్త 1892లో ప్రకటించెను. చంద్రుడు తన వెంట వచ్చుట చూచి యా బాలుడు విస్మయమొందెను. కొండల కావల బలాఢ్యుడొకడు సూర్యుని బంతివలె నెగురవేసి పట్టుకొనునని యూహించెను. జగత్కర్తను వెదకుటకు వానికి మాట యవసరము కాలేదు!

బధిరులైన తల్లిదండ్రుల బిడ్డకు తొట్టెలోనే సంజ్ఞాభాష యబ్బును. తమ తలంపులు చేతుల కదలికలుగా మెదలునని అట్టివారు చెప్పుదురు. ఇది భర్తృహరికి విరుద్ధము కాదు. ఆయన మతమున ధ్వని స్ఫోటమును వెల్లడించు సాధనమే. ఆ పని చేయి చేయరాదా? గాయత్రీ జపమునకు ముందు ముద్రలు పట్టు మనకే యీ శంక కలుగుట వింత.

1880లో మిలాన్ నగరమున గూడిన బధిరవిద్యా మహాసభ పాఠశాలలలో సంజ్ఞలను కూడదనెను. ఆ తీర్మానమును 2010లో వాంకూవరు సభ త్రోసిపుచ్చెను. ఈలోపల మాటయు సంజ్ఞయు రెండును అందక పెరిగిన పసివారి లోపలి తలంపులను ఎవరు విన్నారు?

వాచికముకంటె ఉపాంశువును, దానికంటె మానసజపమును శ్రేష్ఠములని ఆ మనువే చెప్పెను. బిడ్డ చెవిటిదని నామోపదేశము మానుట యెట్లు? తల్లి శంఖచక్రములను, తిరునామమును వ్రేళ్లతో చూపి నేర్పినచో, సన్నిధిలో ఆ చిన్నిచేతులు ఆడుట ఏ జపమగును?