గిలాదు గుగ్గిలము ఎక్కడికి పోయెను?

ధ్యాన వాక్యములు: యిర్మీయా 8:22, ఆదికాండము 37:25, మార్కు 2:1–12



మందునకు పేరుపడిన గిలాదు చెంతనే ఉండగా తన జనుల గాయము ఎందుకు మానలేదని యిర్మీయా ప్రవక్త దుఃఖించెను. గిలాదు యొర్దాను నదికి తూర్పుననున్న కొండసీమ. అక్కడి గుగ్గిలము గాయములకు మందుగా ప్రసిద్ధి పొందినది. కాబట్టి ప్రవక్త దుఃఖము మందు లేనందువలన కలిగినది కాదు. మందు ఉన్నది, గాయమును ఉన్నది. ఆ రెండును ఒకచోట కలియలేదు.

మరి ఆ గుగ్గిలము ఎక్కడికి పోయెను? ఆదికాండములో దీనికి ఒక జవాబు దొరకుచున్నది. యోసేపును అతని అన్నలు గుంటలో పడద్రోసి భోజనమునకు కూర్చుండిరి. అప్పుడు వారి కన్నులకు ఒక ఒంటెల వరుస కనబడెను. అవి గిలాదునుండి వచ్చుచున్నవి. వాటిమీద గుగ్గిలమున్నది. అవి ఐగుప్తునకు పోవుచున్నవి. ఐగుప్తులో ధర ఉన్నది గనుక మందు అక్కడికి పోవుచున్నది. ఆ వర్తకులు గుంటలోని బాలుని చూచి అతని గాయమును కట్టలేదు. అతనినికూడ సరుకుగా కొని తీసికొనిపోయిరి. ధర ఉన్నచోటికి పోవుట వర్తకపు మార్గము. గాయమున్నచోటికి మందును మోసికొనిపోవువారు వేరుగా ఉండవలెను. ఈ నెల మనము ధ్యానించవలసిన సంగతి ఇదియే.

ప్రియులారా, ఇది పూర్వకాలపు కథ మాత్రమే కాదు. మన పిల్లలలో కొందరికి కీళ్లవాత జ్వరము వచ్చుచున్నది. దీనినే వైద్యులు రుమాటిక్ జ్వరమందురు. ఎక్కువగా 5 మొదలు 15 ఏండ్లలోపు పిల్లలకు ఇది వచ్చును. మొదట గొంతునొప్పి వచ్చి పోవును. దానిని మనము లెక్కచేయము. రెండు మూడు వారములైన తరువాత జ్వరము వచ్చి, మోకాలు వాచి, అది తగ్గకముందే మడమయో మోచేయియో వాచును. కీళ్ల వాపు తగ్గిపోవును గాని గుండెలోని కవాటములకు తగిలిన దెబ్బ నిలిచిపోవచ్చును. జ్వరము తిరిగి వచ్చిన ప్రతిసారియు ఆ దెబ్బ పెద్దదగును. ఇరుకిండ్లలో, ఒక్క గదిలో ఆరేడుగురు పండుకొను బీదల పిల్లలకే ఇది ఎక్కువగా వచ్చుచున్నది.

ఇది తిరిగి రాకుండ కాపాడుటకు ఒక సూదిమందు కలదు. దాని పేరు బెంజథిన్ పెన్సిలిన్. మూడు లేక నాలుగు వారములకు ఒకసారి, డాక్టరుగారు చెప్పినన్ని సంవత్సరములు, దీనిని తప్పక వేయించవలెను. అది ఐదేండ్లు కావచ్చును, పదేండ్లు కావచ్చును, కొందరికి అంతకంటె ఎక్కువయు కావచ్చును. ఇది 1950ల మొదటి సంవత్సరములనుండి వాడుకలోనున్న మందు. ఖరీదు బహు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యవసరమైన మందుల పట్టికలో ఇది ఉన్నది. అయినను ఇది అనేక దేశములలో మాటిమాటికి దొరకకుండ పోవుచున్నది. 2023లో ధనిక దేశమైన అమెరికాలోనే దీనికి కొరత వచ్చినది. అనేక దేశములలోని కొరతకు ఒక కారణమేమి? ఖరీదు తక్కువ గనుక లాభము తక్కువ. లాభము తక్కువ గనుక దీనిని చేయువారు కొద్దిమందియే. ఒక కర్మాగారము ఆగిపోయిన యెడల దూరదేశములోని పిల్లకు సూది తప్పిపోవును. ఒంటెలు ఇంకను ఐగుప్తువైపే నడచుచున్నవి.

మేమెరిగిన ఒక సంఘములో తొమ్మిదేండ్ల ఆడుపిల్ల యున్నది. ఆమెకు 21 దినములకు ఒకసారి ఈ సూది పడవలెను. తల్లి మిరపకోత కూలి. గడువు దగ్గరపడగా ఆమె కూలి మానుకొని చీటీతో పట్నమునకు పోయెను. ఒక మందుల దుకాణములో చీటీ చూచి తల ఊపిరి. రెండవచోట, ఆ మందు ఇప్పుడు రావడము లేదమ్మా అనిరి. మూడవచోట దీనికి బదులు ఇది వాడుమని వేరొక మందు చేతిలో పెట్టిరి. ఆమెకు చదువు రాదు. కాని వెనుకటి సూదిమందు ఖాళీ సీసాను కొంగున ముడివేసికొని వచ్చియుండెను. ముడి విప్పి, సీసాకు సీసా పోల్చి చూచి, “ఇది కాదయ్యా” అని తిరిగి ఇచ్చివేసెను. ఆ సాయంకాలము వట్టిచేతులతో ఇల్లు చేరెను. ఇరుగుపొరుగువారు, పిల్ల ఆడుకొనుచున్నది గదా, ఈ తిప్పలెందుకనిరి. ఒకరు, నీకు విశ్వాసము లేక మందులవెంట తిరుగుచున్నావనిరి.

ఈ చివరి మాటను మనము వాక్యమువెలుగులో పరీక్షింపవలెను. హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో ఉన్నప్పుడు దేవుడు అతనికి స్వస్థతను వాగ్దానము చేసెను. ఆ వాగ్దానమును తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్దను తెప్పించి పుండుమీద వేయించెను (2 రాజులు 20:5–7). వాగ్దానము ఉన్నది గదా, ముద్ద ఎందుకని ప్రవక్త అనలేదు. ముద్ద ఉన్నది గదా, ప్రార్థన ఎందుకని రాజు అనలేదు. దేవుని వాగ్దానము ఒక అంజూరపు ముద్దద్వారా ఆ పుండును చేరెను. కాబట్టి మూడు దుకాణముల మెట్లెక్కి దిగిన ఆ తల్లి నడక అవిశ్వాసపు నడక కాదు. సూది మాన్పించి దానికి విశ్వాసమని పేరు పెట్టుట మన ప్రభువు మనకు నేర్పిన పాఠము కాదు.

ఆదివారమున ఆ తల్లి ప్రార్థన మనవి చెప్పెను. సంఘమంతయు ప్రార్థించి ఆమేన్ అనిరి. ఆమేన్ అయిన తరువాత ఒక పెద్ద లేచి, “మందు పేరేమమ్మా?” అని అడిగెను. ప్రియులారా, ఆ ప్రార్థనకు కాళ్లు వచ్చినది ఆ ప్రశ్నతోనే. ఆటో నడుపు యౌవనుడు ఆ సీసా కాగితమును పట్నమునకు పట్టుకొనిపోయెను. ఆశా కార్యకర్తగానున్న సహోదరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో విచారించెను. జిల్లా కేంద్రములో ఉద్యోగముననున్న ఒకరి కుమారుడు పెద్దాసుపత్రిలో అడిగెను. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యపు సొమ్ములోనుండి బస్సు ఖర్చు ఇచ్చిరి. నాలుగవ దినమున మందు ఉన్నచోటు తెలిసెను. గడువు దాటకముందే పిల్లకు సూది పడెను. మరల 21 దినములకు ఇదే వెదకులాట. అయినను ఇప్పుడు వెదకుచున్నది ఆ తల్లి ఒక్కతే కాదు.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొనివచ్చిరి. ద్వారమునొద్ద చోటు లేకపోగా ఇంటి కప్పు విప్పిరి. ప్రభువు ఎవరి విశ్వాసము చూచెను? మోసినవారి విశ్వాసము చూచెనని మార్కు వ్రాయుచున్నాడు. వారి పేర్లు మనకు తెలియవు. వారు స్వస్థపరచలేదు, స్వస్థపరచువానియొద్దకు చేర్చిరి. సంఘము చేయగలిగినది ఇదియే, చేయవలసినదియు ఇదియే.

1941లో ఇంగ్లండు దేశములోని ఆక్స్‌ఫర్డ్ పట్టణమున ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసు ఉద్యోగికి పెన్సిలిన్ ఇచ్చిరి. అతడు కోలుకొనసాగెను. కాని ఉన్న మందు కొద్దిపాటియే. అతని మూత్రమునుండి సహితము మందును తిరిగి తీసి ఇచ్చిరి, అదియు అయిపోయెను. మార్చి 15న అతడు మరణించెను. ఆ తరువాత ఆ వైద్యులు, తక్కువ మందు సరిపోవును గనుక, చిన్న పిల్లలకు చికిత్స చేయుటకు పూనుకొనిరి. ఆనాడు ప్రపంచములోనే మందు లేదు. నేడు మందు ఉన్నది. ఉన్న మందు చేరక ఒక పిల్ల గుండె చెడిపోయిన యెడల దేవుని యెదుట మనము ఏమి చెప్పగలము?

కాబట్టి ప్రతి సంఘము ఈ కొద్ది పనులు చేయవలెనని బతిమాలుచున్నాము. విడువక మందు వాడవలసిన పిల్లల పేర్లును, తరువాతి గడువును ఒక పుస్తకములో వ్రాసియుంచి, గడువునకు పది దినములు ముందుగా వెదకుట మొదలుపెట్టుడి. మందు పేరును విడి అక్షరములతో వ్రాయుమని డాక్టరుగారిని వేడుకొనుడి. ఖాళీ సీసాను, అట్టపెట్టెను దాచుకొనుడి. మొదట ప్రభుత్వ ఆసుపత్రిలో అడుగుడి. డాక్టరుగారిని అడుగక బదులు మందు తీసికొనవద్దు. సూదిమందు దొరకని యెడల ఊరకుండక వెంటనే ఆయనకు తెలుపుడి. అది దొరకువరకు ఆయన పెన్సిలిన్ మాత్రలు వ్రాయవచ్చును. ఈ మందు కొందరి శరీరమునకు పడదు. అది అరుదేగాని అపాయకరము. గనుక దీనిని ఇంటివద్ద వేయింపక వైద్యుడున్నచోటనే వేయించుడి. పిల్లల గొంతునొప్పిని తేలికగా తీసికొనక చూపించుడి.

గిలాదు గుగ్గిలము ధర ఉన్నచోటికి పోయెను. మన ప్రభువు ధర లేనివారియొద్దకే వచ్చెను. ఆయన వెంట నడచువారు ఏ దారిని నడవవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, మందుల చీటీ చేతబట్టుకొని దుకాణము వెంబడి దుకాణము తిరుగుచున్న తల్లిదండ్రులను జ్ఞాపకము చేసికొనుము. మా ఆమేన్‌కు కాళ్లను, చేతులను దయచేయుము. మా పిల్లల గుండెలను కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.